మట్టి దుర్యోధనుడు, మడతల మెగాట్రాన్

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మొదలుపెట్టి గాంధీ రోడ్డు దాకా నడిస్తే చాలు, వెంట ఉన్న పిల్లోడి చెయ్యి మన చేతిలోంచి జారిపోతుంది. రెండు పక్కలా అంగళ్లు. కొండ దిగి వచ్చినవాళ్లు లడ్డూల సంచీతో పాటు ఊళ్లో పిల్లలకు ఒక బొమ్మయినా పట్టుకుపోవాలి కదా. ఆంజనేయస్వామి గదలు, ప్లాస్టిక్ విల్లంబులు, సబ్బు నురగ బుడగలు ఊదే గొట్టాలు, కీ ఇస్తే డోలు కొట్టే కోతి. వాటి మధ్యలో అట్టపెట్టెల్లో నిలబడ్డ మరమనుషులు.

మొన్న వేసవి సెలవుల్లో మా మేనల్లుడు అలాంటి పెట్టెల ముందు ఆగి కదలనన్నాడు. ఎనిమిదేళ్లవాడు. పెట్టె మీద పేరు ట్రాన్స్‌ఫార్మర్స్ కాదు, దానికి మేనత్త కొడుకు వరసయ్యే పేరేదో ఉంది. అంగడాయన రెండు పెట్టెలు ముందు పెట్టాడు. ఒకదానిలో ఎరుపూ నీలమూ కలిసిన లారీ మనిషి. రెండోదానిలో బూడిద రంగు ఒళ్లు, ఎర్ర కళ్లు, కుడిచేతికి రోకలంత ఫిరంగి.

"వీడు మంచోడురా, ఇది తీసుకో" అన్నాను లారీని చూపించి.

"నాకు చెడ్డోడే కావల్ల మామా."

"ఎందుకు?"

"మంచోడు మా క్లాసులో అందరి దగ్గరా ఉండాడు. కొట్టేదానికి ఒకడు ఉండొద్దా?"

భారతం నాటకాలు చూసి పెరిగినవాణ్ణి, ఆ మాత్రం నాకే ముందు తట్టి ఉండాల్సింది. దుర్యోధనుడు దొరకని ఊళ్లో భీముడికి పనేముంది? డబ్బులిచ్చి చెడ్డోణ్ణే ఇంటికి తీసుకొచ్చాం. మా అమ్మ మాత్రం పెట్టె చూసి మొహం చిట్లించుకుంది. "ఎవురైనా రాక్షసుణ్ణి కొని ఇంటికి తెచ్చుకుంటారా నాయనా?" అనింది. వాడు అప్పటికే నేల మీద బోర్లా పడుకుని దాని కాళ్లు విరిచి లోపలికి మడుస్తున్నాడు.

ఆ రాక్షసుడి అసలు పేరు మెగాట్రాన్. వయసు నలభై దాటింది. పుట్టింది జపాన్‌లో, దుర్మార్గుడిగా మారింది అమెరికాలో, చాలా ఏళ్లు తయారైంది చైనాలో, మా ఇంటికి వచ్చింది గాంధీ రోడ్డు మీదుగా.

పేరు లేని పిస్తోలు

రాముడి కథ విన్న తర్వాతే ఎవరైనా రాముడి బొమ్మ చేశారు. మెగాట్రాన్ విషయంలో ఇది తిరగబడింది, బొమ్మ ముందు, కథ తర్వాత. జపాన్‌లో టకారా అనే బొమ్మల కంపెనీ 1980ల మొదట్లో డయాక్లోన్, మైక్రో చేంజ్ అని రెండు వరసలు అమ్మేది. మొదటి వరసలో కార్లూ విమానాలూ మరమనుషులయ్యేవి. రెండో వరసలో ఇంట్లో చేతికి దొరికే వస్తువులే మనుషులయ్యేవి. క్యాసెట్ ప్లేయరు, కెమెరా, మైక్రోస్కోపు, వాటితో పాటు ఒక పిస్తోలు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైనికుల నడుముకు వేలాడిన వాల్తర్ పి-38కి అది నకలు. ఒక అమెరికన్ గూఢచారి సీరియల్‌లో హీరోలు దానికి తగిలించిన దుర్భిణి, సైలెన్సరు, భుజానికి ఆనించే కట్టె, అన్నీ పెట్టెలోనే ఇచ్చారు. పిస్తోలు పిడిని రెండుగా చీలిస్తే కాళ్లు. దుర్భిణి ఊడదీసి చేతికి పెడితే ఫిరంగి. మనిషిగా నిలబెట్టినప్పుడు ట్రిగ్గరు ఎక్కడ వేలాడుతుందో ఇక్కడ రాయను, చూసినవాళ్లు నవ్వుకుంటారు.

ఆ పిస్తోలుకు 'గన్ రోబో' అన్న జాతి పేరు తప్ప సొంత పేరు లేదు. కథ లేదు. దుర్మార్గం అసలే లేదు. 1983లో టోక్యో బొమ్మల ప్రదర్శనకు వెళ్లిన అమెరికా కంపెనీ హాస్‌బ్రో వాళ్ల కన్ను ఈ రెండు వరసల మీదా పడింది. హక్కులు తీసుకుని, రెంటినీ కలిపి, 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అని కొత్త పేరుతో అమెరికాలో దించారు. బొమ్మలైతే వచ్చాయి, ఎవరు ఎవరితో కొట్లాడాలి? ఆ పని మార్వెల్ కామిక్స్‌కు అప్పగించారు. మంచివాళ్లు ఆటోబాట్లు, చెడ్డవాళ్లు డిసెప్టికాన్లు అయ్యారు. కార్లలో చాలావాటికి మంచివాళ్ల జట్టులో చోటు దొరికింది. యుద్ధవిమానాలూ పిస్తోలూ రెండో జట్టులో పడ్డాయి.

పేర్లు పెట్టే పని ఎక్కువగా బాబ్ బుడియాన్‌స్కీ అనే ఎడిటర్ నెత్తిన పడింది. పిస్తోలుకు ఆయన మెగాట్రాన్ అని రాసి పంపితే హాస్‌బ్రో వాళ్లు ముందు జంకారట. అణుబాంబు శక్తిని కొలిచే మెగాటన్ గుర్తొస్తోందని, పిల్లలు హడలిపోతారని. వీడు విలన్ల నాయకుడు, భయపెట్టడమే వీడి పని అని ఆయన నచ్చజెప్పాక పేరు ఖాయమైంది. బారసాలలో కూడా బేరమాడాల్సి వచ్చిందన్నమాట.

పెట్టె వెనక ఒక జాతకం అచ్చేశారు. ఎర్ర గీతల గజిబిజి మధ్య దాచిన అంకెలు అవి. పెట్టెలో ఇచ్చిన ఎర్ర ప్లాస్టిక్ ముక్క ఆనించి చూస్తే కనిపిస్తాయి. మెగాట్రాన్‌కు బలం 10, తెలివి 10, హోదా 10, కాల్చే శక్తి 10, ధైర్యం 9. వేగం మాత్రం 4. ఆ 4 వేసినవాడెవడో గడుసువాడు. అన్నిట్లో పదికి పది వచ్చే విలన్ ఎవరికీ నచ్చడు, ఎక్కడో ఒక చోట తొడ బలహీనంగా ఉండాలి.

ఈ విలన్‌లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వేరే ఉంది. ఎవరినీ నమ్మనివాడు. తన కింద ఉన్న స్టార్‌స్క్రీమ్ అనే ఎఫ్-15 విమానం కుర్చీ కోసం కాచుకుని ఉన్నాడని తెలిసినవాడు. మా రాయలసీమ రాజకీయాలు చూసినవాళ్లకు స్టార్‌స్క్రీమ్‌ను కొత్తగా పరిచయం చేయాల్సిన పనిలేదు. అయినా మెగాట్రాన్ తుపాకిగా మారాడంటే తనంతట తాను పేలలేడు. ఇంకొకడి చేతిలో ఇమడాలి. చాలాసార్లు ఆ చెయ్యి స్టార్‌స్క్రీమ్‌దే. లోకాన్ని ఏలాలనుకునే నియంత, తన పదవికి గోతులు తవ్వేవాడి పిడికిట్లో ఒదిగితే తప్ప గురిపెట్టలేకపోవడం. కథ రాసినవాళ్లు ఆలోచించి పెట్టారో, బొమ్మ ఆకారం వాళ్లను అలా నెట్టిందో గానీ, నాయకుల గురించి ఇంత బాగా చెప్పిన కార్టూన్ నేను ఇంకొకటి చూడలేదు. ఆ కార్టూన్‌లో మెగాట్రాన్‌కు గరగర గొంతు ఇచ్చింది ఫ్రాంక్ వెల్కర్, స్కూబీ డూలో ఫ్రెడ్ అనే మంచి కుర్రాడికీ ఆయనే గొంతు.

అర ఖాళీ చేయడానికి చంపారు

1986 ఆగస్టులో ట్రాన్స్‌ఫార్మర్స్ మొదటి యానిమేషన్ సినిమా అమెరికా థియేటర్లకు వచ్చింది. అరగంట గడవక ముందే మంచివాళ్ల నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్ చచ్చిపోయాడు. థియేటర్లలో పిల్లలు ఏడ్చారు. ఇళ్లకు వెళ్లాక కూడా ఆపలేదు. కంపెనీకి అక్షింతలు గట్టిగానే పడ్డాయి. అదే హాస్‌బ్రో తీస్తున్న జి.ఐ.జో సినిమాలో చావాల్సిన డ్యూక్‌ను ఆ దెబ్బకు కోమాతో సరిపెట్టి బతికించారు. ఇంతకీ ఆప్టిమస్ ఎందుకు పోయాడంటే కథ అడిగిందని కాదు, కొత్త బొమ్మలు వస్తున్నాయి, పాతవాటి అర ఖాళీ చేయాలి.

మరి మెగాట్రాన్? వాణ్ణి చంపలేదు. చావు అంచున పడి ఉన్నవాణ్ణి, గ్రహాలను మింగే యూనిక్రాన్ అనే మహా యంత్రం మళ్లీ పోతపోసి గాల్వట్రాన్‌ను చేసింది. కొత్త పేరు, కొత్త రంగు, అంగట్లో కొత్త పెట్టె. యూనిక్రాన్‌కు గొంతిచ్చిన ఆర్సన్ వెల్స్ సినిమా విడుదలకు ముందే 1985 అక్టోబరులో కన్నుమూశారు. సిటిజన్ కేన్ తీసిన మహానుభావుడి చివరి పాత్రల్లో ఒకటి బొమ్మల కంపెనీకి కొత్త సరుకు తయారుచేసి పెట్టడం.

పిస్తోలు రూపానికి కూడా కాలం చెల్లింది. నిజం తుపాకిని పోలిన బొమ్మలతో ప్రమాదాలు జరుగుతున్నాయని అమెరికా 1988లో చట్టం తెచ్చింది. బొమ్మ తుపాకి మూతికి కాషాయ రంగు గుర్తు ఉండి తీరాలి. కాషాయం ముక్కుతో నియంత ఏం బాగుంటాడు? 1993లో మెగాట్రాన్ ఆకుపచ్చ యుద్ధ ట్యాంకై తిరిగొచ్చాడు. 1996లో బీస్ట్ వార్స్ అనే కార్టూన్‌లో అదే పేరుతో ఇంకో విలన్ రాక్షసబల్లి రూపంలో వచ్చాడు. 2007లో నటులతో తీసిన కొత్త వరస మొదటి సినిమాలో ఈ లోకానిది కాని విమానం, 2009లో మళ్లీ ట్యాంకు. 2011లో వచ్చిన మూడో సినిమాలో మాత్రం తుప్పు పట్టిన పాత లారీ. పగిలిన తల మీద టార్పాలిన్ పట్టా కప్పుకుని ఎడారిలో ఒంటరిగా తిరుగుతుంటాడు. అన్ని రూపాల్లో నాకు నచ్చింది అదే. మదనపల్లె నుంచి టమోటా ఎక్కించుకుని మద్రాసు రోడ్డు మీద రొప్పుతూ పోయే లారీల పక్కన దాన్ని నిలబెడితే ఎవరూ గుర్తుపట్టరు.

2024లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ వన్ వాడి బాల్యం చెప్పింది. అప్పటికి వాడి పేరు డి-16, గనిలో కూలీ. జపాన్‌లో మెగాట్రాన్ బొమ్మను అమ్మినప్పుడు పెట్టె మీద వేసిన నంబరే ఆ పేరు. తర్వాత ఆప్టిమస్ అయ్యేవాడు వాడి ప్రాణ స్నేహితుడు. పైవాళ్లు తమను జీవితమంతా మోసం చేశారని తెలిసిన రోజు ఒకడు న్యాయం వైపు, ఒకడు పగ వైపు తిరుగుతారు. ఒకే మట్టిలో ఆడుకున్న అన్నదమ్ములు కురుక్షేత్రంలో తేలినట్టు. ఇలాంటి కథ మాకు వాళ్లు చెప్పాలా అనిపించింది గానీ, బాగానే చెప్పారు.

భారతం మిట్ట మీద విలన్

ఇక మా విలన్ గురించి.

పుత్తూరు, శ్రీకాళహస్తి, చిత్తూరు, ఆ చుట్టుపక్కల పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్లు, ధర్మరాజుల గుళ్లు ఉన్నాయి. ఏటా వేసవిలోనో ఆ తర్వాతో ఊరి ఓపికను బట్టి భారతం పెడతారు. 'భారతం పెట్టినారు' అంటే ఇక్కడ ఎవరూ అర్థం అడగరు. పద్దెనిమిది రోజుల పండగ. మధ్యాహ్నం పూట భాగవతారు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. ఆ నాటకాల కోసం ఊరి పక్కన వదిలిన ఎత్తు నేలను కొన్ని ఊళ్లలో భారతం మిట్ట అంటారు. బకాసుర వధ నాడు భీముడు బండెక్కి వీధి వీధీ తిరిగి ఇంటింటి అన్నమూ అందుకుంటాడు. అర్జునుడి తపస్సు నాడు వేషగాడు పద్యాలు పాడుతూ ఆకాశమంత తపస్సు మాను ఎక్కుతాడు. పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాగిలపడి, పైనుంచి అతను విసిరే నిమ్మకాయ కోసం కొంగు పడతారు.

చివరాఖర్న దుర్యోధన వధ. దానికి ముందే మిట్ట మీద ఒక మనిషి మొలుస్తాడు. మట్టి తోలి, నీళ్లు కొట్టి, కాళ్లతో తొక్కి, పారలతో చెక్కి, వెల్లకిలా పడుకున్న మనిషిని చేస్తారు. నలభై, యాభై అడుగుల పొడవుంటాడు. ఛాతీ ఎక్కాలంటే పిల్లలకు పెద్దవాళ్లు చెయ్యి అందించాలి. సున్నం కొట్టి, రంగులు పూసి, కిరీటం దిద్ది, చెవి నుంచి చెవి దాకా మీసం తీస్తారు. కళ్లు తెరిచే ఉంటాయి, ఆకాశాన్ని చూస్తూ. తొడ దగ్గర మట్టిలో ఎర్రనీళ్ల కుండ పూడ్చి పెడతారు.

నా చిన్నతనంలో ఆ కుండ ఎక్కడుందో ముందే కనిపెట్టడం మాకొక పందెం. రాత్రంతా నాటకం చూసి నిద్రమత్తులో ఉన్న కళ్లతో తెల్లవారుజామునే వెళ్లి ఆ తొడ చుట్టూ తిరిగేవాళ్లం. కాపలా పెద్దాయన కర్ర ఝళిపిస్తే పాదాల దాకా పరిగెత్తేవాళ్లం. ఆ బొటనవేలి పక్కన నిలబడితే నా తల దాన్ని దాటేది కాదు. తర్వాత ఎన్నో సినిమాల్లో ఎంతో పెద్ద రాక్షసుల్ని చూశాను. ఆ బొటనవేలి ముందు ఏదీ ఆనలేదు.

పొద్దెక్కుతుండగా వేషాలు వస్తాయి. రాత్రంతా మేలుకుని, చెమటకు రంగు కారిన మొహాలతో, చెక్క భుజకీర్తులు వదులై వేలాడుతుండగా. దుర్యోధనుడి వేషగాడు మట్టి దుర్యోధనుడి గుండెల మీదికెక్కి మీసం తిప్పుతాడు. భీముణ్ణి పేరు పెట్టి తిడతాడు. భీముడు గదతో వెంటపడతాడు. బొమ్మ చుట్టూ, బొమ్మ మీదుగా, జనంలోంచి పరుగు. ఒకోసారి పట్టుకోవడానికి నలుగురు కావాలి, ఆ ఊపులో వేషమేదో మనిషేదో తెలియదు. కృష్ణుడు తొడ చరిచి సైగ చేస్తాడు. గద దెబ్బకు కుండ పగిలి ఎర్రనీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది వేషం ఆ ఎరుపు జుట్టుకు రాసుకుని ఇన్నాళ్లుగా విరబోసుకున్న కొప్పు ముడుస్తుంది. కొన్ని చోట్ల ఆడవాళ్లు చీపుర్లు తీసుకుని ముందుకొస్తారు. సాయంత్రం అగ్నిగుండం, నిప్పుల మీద భక్తుల నడక. మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకం.

మట్టి మనిషి? నాలుగు వానలు పడితే మిట్టలో కలిసిపోతాడు. పిడికెడు మట్టి ఇంటికి పట్టుకెళ్లేవాళ్లూ ఉన్నారు. ఏటా కొత్తగా చేయాలి, ఏటా విరగ్గొట్టాలి. దాచుకునే ప్రసక్తే లేదు.

ఇంకో సంగతి. దుర్యోధనుడు కూడా భాగాలు భాగాలుగా తయారైనవాడే. అరణ్యపర్వంలో ప్రాయోపవేశానికి సిద్ధపడిన అతనితో దానవులే ఈ మాట చెబుతారు. నడుముకు పైభాగం శివుడు వజ్రాలతో చేశాడు, కింది భాగం దేవి పూలతో చేసింది. అందుకే భీముడి గద ఛాతీ మీద ఎన్ని దెబ్బలు వేసినా పని జరగలేదు. ఇక మనం రోజూ వాడే 'ధృతరాష్ట్ర కౌగిలి' ఉంది చూశారూ, ఆ కౌగిట్లో నుగ్గునుగ్గయిన ఇనప భీముణ్ణి చేయించి పెట్టుకున్నది దుర్యోధనుడే. గదాయుద్ధం సాధన కోసం పదమూడేళ్లు దాన్ని కొట్టాడు. అంటే మన కథలో ఇనప బొమ్మతో ఆడుకున్నవాడు విలన్. హీరో బొమ్మ కొనుక్కుని రోజూ దాన్ని చావబాదిన పిల్లాడన్నమాట. మా మేనల్లుడు సరిగ్గా దీనికి ఎదురు పని చేస్తున్నాడు.

దుర్యోధనుడంటే మనవాళ్లకు కసి ఒక్కటే ఉందనుకోకండి. కేరళలో కొల్లం జిల్లా పోరువళి మలనడలో ఆయనకు గుడే ఉంది, కల్లు నైవేద్యం పెడతారు. మా వీధి నాటకాల్లో కూడా మంచి గొంతున్న వేషగాడు దుర్యోధనుడి ఏడుపు పద్యం ఎత్తుకుంటే చీపురు పట్టుకొచ్చిన అవ్వలే కళ్లొత్తుకుంటారు.

రూపం మార్చేది ఎవరు

తిరుపతి వాళ్లకు వేషాలు మార్చడం మెగాట్రాన్ నేర్పాల్సిన విద్య కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజుల్లో మే నెల ఎండలో ఊరు ఊరంతా వేషమే. బైరాగి వేషం నాడు ఒంటికి తెల్ల నామంగొమ్ము, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు, దొర వేషం నాడు గంధం, మాతంగి వేషం నాడు చీర. కథ తెలిసిందే. ఆడపిల్లల్ని చెరపట్టే పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ పుట్టింది. వాడు భయపడి దాక్కున్నాడు. అమ్మ రోజుకొక రూపంలో వెతికి, దొర వేషం నాడు బయటికి రప్పించి తల తీసింది. ఆ వేషాలు కట్టడం కైకాల కులంవాళ్ల తరతరాల హక్కు. తల తీసిన మర్నాడు అమ్మే మాతంగి వేషంలో వెళ్లి పాలెగాడి పెళ్లాన్ని ఓదార్చిందని చెబుతారు. విలన్ చచ్చాక వాడి ఇంటి ఏడుపు గుర్తుపెట్టుకున్న కథ అరుదు. అమెరికా పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద రాసిన పుస్తకం 2013లో వచ్చింది. పదకొండేళ్ల తర్వాత పుష్ప-2లో అల్లు అర్జున్ చీరకట్టు చూసి దేశమంతా ఇదేమిటని అడిగింది.

ఇక్కడ కిటుకు గమనించండి. గంగమ్మ కథలో రూపాలు మార్చేది దేవత, దాక్కునేది విలన్. జాతర చివర్లో గుడి ముందు మట్టితో అమ్మ విశ్వరూపం చేస్తారు. తెల్లవారుజామున దాని చెంప నరకడంతో పండగ ముగుస్తుంది, జనం ఆ మట్టి కోసం ఎగబడతారు. దేవతయినా విలనయినా మా దగ్గర మట్టి మట్టిలోకే పోతుంది. మెగాట్రాన్ ప్లాస్టిక్కు. వాణ్ణి ఎక్కడ పూడ్చినా మనకంటే ఎక్కువ కాలం ఉంటాడు.

విలనై రూపాలు మార్చిన మరమనిషి మనకు తెలిసి ఒకడున్నాడు. 2010లో వచ్చిన శంకర్ 'రోబో'లో ఎర్ర చిప్పు పడ్డ చిట్టి. వందల రజనీకాంత్‌లు అతుక్కుని బంతై, పామై, కొండంత మనిషై వచ్చిన ఆ ఆఖరి అరగంట, మాలాంటి సరిహద్దు జిల్లాల్లో థియేటరు పైకప్పు ఎగిరిపోయింది. చివర్లో కోర్టు తీర్పు మేరకు తన భాగాలు తనే ఊడదీసుకుంటాడు. మెగాట్రాన్ ఏ సినిమాలోనూ అంత మర్యాద చూపించలేదు.

అంగట్లో సంగతి

మళ్లీ గాంధీ రోడ్డుకు వద్దాం. పదేళ్ల కిందట ఈ అంగళ్లలో ఏ బొమ్మ తిరగేసినా చైనా అని ఉండేది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచింది. 2021 జనవరి 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని బొమ్మ అమ్మకూడదంది. 2018-19లో 37 కోట్ల డాలర్లు దాటిన బొమ్మల దిగుమతి 2021-22కి 11 కోట్లకు పడింది. నమోదైన హస్తకళాకారులకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ ఆ గుర్తు నుంచి మినహాయింపు ఇచ్చారు. మంచి పని. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్కబొమ్మ చెక్కే శిల్పిని ప్రయోగశాల పరీక్ష తెమ్మంటే ఉలి కింద పెట్టేస్తాడు.

చిత్తూరు దాటి సరిహద్దు అవతల రాణిపేటలో ఫన్‌స్కూల్ వాళ్ల ఫ్యాక్టరీ ఉంది. టైర్ల ఎంఆర్ఎఫ్, హాస్‌బ్రో కలిసి 1980ల్లో పెట్టిన కంపెనీ అది. జి.ఐ.జో సైనికులు మన దేశపు పిల్లల చేతికి వచ్చింది దాని ద్వారానే. ఇటు మా శ్రీసిటీలో మెత్తటి బొమ్మలు కుట్టే పరిశ్రమ ఉంది. ఎర్రచందనం కొయ్యబొమ్మలు ఎలాగూ తిరుపతి సొంతం. అయితే వీటిలో ఎక్కడా విలన్ లేడు. చెక్కేది వెంకన్నను, పద్మావతమ్మను, వినాయకుణ్ణి. చెక్క దుర్యోధనుణ్ణి చేయించి కొలువులో పెట్టుకునేవాళ్లెవరు? మనం విలన్‌ను ఒక రోజు కోసం చేస్తాం, అమ్ముకోవడానికి చేయం. అందుకే పిల్లోడు విలన్ కావాలంటే ప్లాస్టిక్కే దిక్కు.

నాకు ఆ ప్లాస్టిక్ మీద కోపమేం లేదు. మడతల బొమ్మ చేతికి పని చెబుతుంది. కాలు తిప్పితే పట్టా, నడుము వంచితే గొట్టం, ఒక ముక్క ముందు మడవాలా తర్వాతా అని పిల్లోడు గంటసేపు నోరు తెరవకుండా ఆలోచిస్తాడు. 2021లో ఒక ఆప్టిమస్ ప్రైమ్ వచ్చింది, మాట చెబితే చాలు తనంతట తానే లారీ అయిపోతుంది. అప్పట్లో ధర 700 డాలర్లు. అంత పెట్టి పిల్లోడి చేతిలో పని లాక్కోవడం ఎందుకో నాకర్థం కాలేదు.

మా ఇంటి మెగాట్రాన్ పదకొండో రోజు విరిగాడు. ఎక్కడ విరిగాడో చెబితే కల్పన అనుకుంటారు, తొడ దగ్గర. ట్యాంకు నుంచి మనిషికి మార్చేటప్పుడు గుండ్రటి కీలు పుటుక్కుమంది. వాడి కళ్లల్లో నీళ్లు. మా అమ్మ దగ్గరికి తీసుకుని, "పోనీలే, చెడ్డోడు ఆడనే ఇరగల్ల" అని భీముడి కథ మొదలుపెట్టింది. కుండ, ఎర్రనీళ్లు, కొప్పు ముడి, అన్నీ చెప్పింది. వాడు విని, ముక్కు తుడుచుకుని అడిగాడు.

"ఎంత పొడుగుంటాడు అవ్వా?"

"మన వీధంత."

"ఎక్కొచ్చా?"

ఆ వారమే పుత్తూరు వైపు ఒక పల్లెలో భారతం జరుగుతోందని తెలిసి తీసుకెళ్లాను. వాడు జిగురు పెట్టి అతికించిన మెగాట్రాన్‌ను జేబులో పెట్టుకొచ్చాడు. ఛాతీ మీదికెక్కించమని ఒక పెద్దాయన్ని వాడే అడిగాడు, ఎక్కాడు, ఆ మట్టి కిరీటం పక్కన బూడిద రంగు మరమనిషిని నిలబెట్టి చూసుకున్నాడు. దుర్యోధనుడి కంటిగుడ్డంత కూడా లేడు.

మీ ఊరి చుట్టుపక్కల భారతం పెడితే దుర్యోధన వధ నాడు పిల్లల్ని తీసుకెళ్లండి. పొద్దున్నే బయల్దేరండి, ఎండెక్కితే మిట్ట మీద నిలబడలేరు. తొడ వైపు నిలబడేట్టయితే తెల్లచొక్కా వేసుకోకండి.